అక్షరానికి వంద పౌన్ల జరిమానా

అమెరికా హైస్కూళ్ళలో నల్లజాతి సాహిత్యాన్నీ చరిత్రనూ చేతికిచ్చి పిల్లలకు రాయడం నేర్పే టీచర్లు ఉన్నారు. ఆ పాఠం వెనుక మూడు శతాబ్దాల పోరాటం ఉంది. దాన్ని ఆపాలనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

1963 ఏప్రిల్ 12న అమెరికాలోని అలబామా రాష్ట్రం, బర్మింగ్‌హామ్ నగరంలో ఎనిమిదిమంది తెల్లజాతి మతపెద్దలు ఒక ప్రకటన విడుదల చేశారు. వాళ్ళలో బిషప్పులు, పాస్టర్లు, ఒక యూదు రబ్బీ ఉన్నారు. భాష ఎంతో మర్యాదగా ఉంటుంది. జాతి వివక్షకు వ్యతిరేకంగా ఊళ్ళో జరుగుతున్న ప్రదర్శనలకు ఇది సమయం కాదని, బయటినుంచి వచ్చినవాళ్ళు వీటిని నడిపిస్తున్నారని, బాధలేమైనా ఉంటే కోర్టుల్లో తేల్చుకోవాలిగాని వీధుల్లో కాదని అందులో రాశారు. పోలీసులను మెచ్చుకున్నారు. ఆ ప్రదర్శనలను నడిపిస్తున్న మార్టిన్ లూథర్ కింగ్ పేరు మాత్రం ఎక్కడా లేదు. సరిగ్గా ఆ రోజే కింగ్‌ను అరెస్టు చేసి ఒంటరి గదిలో పెట్టారు.

ఆ జైలునుంచి కింగ్ రాసిన లేఖ అమెరికాలో చాలా హైస్కూళ్ళ ఇంగ్లిష్ క్లాసుల్లో పాఠం. దాన్ని చెప్పే పద్ధతుల్లో నాకు బాగా నచ్చిన పద్ధతి ఒకటుంది. టీచరు కింగ్ లేఖ ముందుగా ఇవ్వరు. మతపెద్దల ప్రకటన ఇచ్చి, మీరు జైల్లో ఉన్నారు, చేతిలో పాత న్యూస్‌పేపరు తప్ప కాగితం లేదు, దీనికి జవాబు రాయండి అంటారు. పదహారేళ్ళ పిల్లలు ఏం రాస్తారో ఊహించడం కష్టం కాదు. కోపంతో రాస్తారు, వెటకారం చేస్తారు, మీరేం మతపెద్దలు అని నిలదీస్తారు. అప్పుడు కింగ్ లేఖ తీస్తారు.

ఆయన అసలు తిట్టడు. వాళ్ళను తోటి మతాచార్యులుగా పలకరిస్తాడు, వాళ్ళ చిత్తశుద్ధిని శంకించనంటాడు. ఆ తరువాత వాళ్ళ ఆరోపణలను ఒక్కొక్కటే తీసుకుంటాడు. బయటివాడినన్నారా? బైబిల్లోని పౌలు కూడా తన ఊరు వదిలి వెళ్ళినవాడే. చట్టాన్ని మీరుతున్నామన్నారా? న్యాయమైన చట్టానికీ అన్యాయమైన చట్టానికీ ఉన్న తేడాను సెయింట్ అగస్టీన్, థామస్ అక్వినాస్ చెప్పారు. అందులోనే యూదు తత్వవేత్త మార్టిన్ బూబర్ వస్తాడు, ప్రొటెస్టెంట్ తత్వవేత్త పాల్ టిలిక్ వస్తాడు. సంతకం చేసిన ఎనిమిదిమందిలో క్యాథలిక్కులున్నారు, ప్రొటెస్టెంట్లున్నారు, రబ్బీ ఉన్నాడు. ఎవరికి ఎవరి మాట కాదనలేనిదో వాళ్ళ ముందు ఆ మాటే పెట్టాడు. ఇదంతా గ్రంథాలయంలో కూర్చుని కాదు, జైల్లో, న్యూస్‌పేపరు అంచుల మీద మొదలుపెట్టి.

లేఖలో ఒకచోట మూడు వందల పదాలు దాటిన ఒకే ఒక్క వాక్యం ఉంది. గ్రామర్ టీచరు ఎర్రసిరాతో సున్నా చుట్టాల్సినంత పొడుగు. కాస్త ఆగండి అని సలహా ఇచ్చినవాళ్ళకు జవాబు అది. మూకల చేతుల్లో చనిపోయినవాళ్ళు, పోలీసుల దెబ్బలు, టీవీలో ప్రకటన చూసి వినోదాల పార్కుకు తీసుకెళ్ళమని అడిగిన ఆరేళ్ళ కూతురికి ఎందుకు వెళ్ళకూడదో చెప్పలేక నోరు తడబడిన తండ్రి, అన్నీ ఒకదాని వెనుక ఒకటి వస్తూనే ఉంటాయి. వాక్యం ముగియదు. ఆగమన్న పెద్దమనిషి ఆ వాక్యం చివరిదాకా ఆగాల్సిందే. చదివించి, ఇక్కడ ఫుల్‌స్టాప్ ఎక్కడ పెట్టవచ్చు, పెడితే ఏం పోతుంది అని అడిగితే చాలు, వాక్యనిర్మాణం మీద అంతకుమించిన పాఠం మరొకటి దొరకదు.

అమెరికా బడుల్లో రచన అంటే ఏళ్ళ తరబడి ఐదు పేరాల వ్యాసమే. ఒక పరిచయం, మూడు కారణాలు, ఒక ముగింపు. పరీక్షకు పనికొస్తుంది, దిద్దడం తేలిక. ఆ వ్యాసం ఎవరి కోసం రాస్తున్నామో మాత్రం పిల్లవాడికి తెలియదు. చదివేది టీచరొక్కరే. ఆవిడకు ఆ విషయం ముందే తెలుసు, ఒప్పించాల్సిన పనీ లేదు. నల్లజాతి రచయితలకు ఈ సదుపాయం ఏనాడూ లేదు. వాళ్ళు రాసిన ప్రతి వాక్యం ముందూ నమ్మని పాఠకుడొకడు కూర్చుని ఉన్నాడు. వీళ్ళ పుస్తకాలతో రచన నేర్పాలని నేను గట్టిగా అనుకోవడానికి కారణం అదే.

పాసు రాయగలిగినవాడు

సౌత్ కరోలినాలో 1739లో స్టోనో నది దగ్గర బానిసలు తిరగబడ్డారు. మరుసటి ఏడాది అక్కడి శాసనసభ చేసిన చట్టంలో ఒక నిబంధన పెట్టారు. బానిసకు రాయడం నేర్పినా, రాతపనికి పెట్టుకున్నా వంద పౌన్ల జరిమానా. ఆ నిబంధన చదవడం గురించి మాట్లాడదు, రాయడాన్నే పట్టుకుంటుంది. చదువు వస్తే బైబిల్ చదువుకుంటాడులే అనుకునే యజమానులు ఉండేవారు. రాత వస్తే అలా కాదు. బానిస తోట దాటి బయటికి వెళ్ళాలంటే యజమాని చీటీ ఉండాలి, దాన్ని పాసు అనేవారు. రాయడం వచ్చినవాడు తన పాసు తానే రాసుకుంటాడు. 1829లో బోస్టన్‌లో పాతబట్టల దుకాణం నడుపుకునే డేవిడ్ వాకర్ అనే నల్లజాతి వ్యాపారి బానిసత్వం మీద నిప్పులు కక్కుతూ ఒక పుస్తకం అచ్చువేశాడు. అది నావికుల చేతుల మీదుగా దక్షిణాదికి చేరింది. 1831లో వర్జీనియాలో నాట్ టర్నర్ తిరుగుబాటు జరిగింది. ఆ కాలంలోనే దక్షిణాది రాష్ట్రాలు కొన్ని చదవడం నేర్పడాన్ని కూడా నేరం చేశాయి. 1854లో వర్జీనియాలోని నార్ఫోక్‌లో ఒక తెల్లజాతి మహిళ బానిసలు కాని నల్లజాతి పిల్లలకు చదువు చెప్పినందుకే నెల రోజులు జైల్లో ఉంది.

ఫ్రెడరిక్ డగ్లస్ కథ ఈ నేపథ్యంలో చదవాలి. మేరీల్యాండ్‌లో బానిసగా పుట్టి, చిన్నప్పుడే బాల్టిమోర్‌లో ఒక ఇంటికి వచ్చాడు. ఇంటి యజమానురాలు అక్షరాలు మొదలుపెట్టింది. భర్త చూసి ఆపించాడు, చదువొస్తే వీడు బానిసగా పనికిరాడని ఆమెకు వివరించాడు. ఆ వివరణను పక్కనే ఉన్న పిల్లవాడు విన్నాడు. విడుదలకు దారి ఎటుందో యజమాని నోటే తెలిసిపోయింది.

ఆ తరువాత వీధి అతని బడి అయింది. పనిమీద బయటికి పంపినప్పుడు రొట్టెముక్కలు జేబులో వేసుకునేవాడు. ఆకలితో ఉన్న పేద తెల్లపిల్లలకు రొట్టె ఇచ్చి పాఠం చెప్పించుకునేవాడు. ఓడలు కట్టే యార్డులో వడ్రంగులు చెక్కిన దూలం మీద అది ఓడలో ఏ వైపుకు వెళ్ళాలో గుర్తుగా ఒక అక్షరం వేసేవారు. కుడివైపుకు ఎస్, ఎడమవైపుకు ఎల్, ముందుభాగానికి ఎఫ్, వెనుకభాగానికి ఎ. ఆ నాలుగూ చూసి రాయడం నేర్చుకున్నాడు. తరువాత రాయడం వచ్చిన ఏ పిల్లవాడు కనిపించినా నీకన్నా నేను బాగా రాస్తానని పందెం కట్టేవాడు. ఆ నాలుగు అక్షరాలే గీసి, ఏదీ నువ్వు రాయి అనేవాడు. అవతలివాడు గెలవాలని మరికొన్ని రాసేవాడు, అవి ఇతనికి వచ్చేసేవి. కంచెచెక్కలు, ఇటుకగోడలు, వీధి రాళ్ళు పలక అయ్యాయి, సుద్దముక్క కలం అయింది. ఇంట్లో యజమాని కొడుకు రాసి పారేసిన కాపీ పుస్తకాలుండేవి. వాటిలో ఆ పిల్లవాడు వదిలేసిన ఖాళీల్లో వాడి రాతనే చూసి రాసేవాడు. సుమారు పన్నెండేళ్ళ వయసులో యాభై సెంట్లు పెట్టి ‘ద కొలంబియన్ ఒరేటర్’ అనే ఉపన్యాసాల పుస్తకం కొన్నాడు.

1836లో స్నేహితులతో పారిపోవాలనుకున్నప్పుడు పాసులు రాసింది డగ్లసే. పట్టుబడ్డాక తన పాసును మంటలో వేశాడు, స్నేహితుడిని అతని పాసు రొట్టెతో కలిపి మింగెయ్యమన్నాడు. సౌత్ కరోలినా చట్టం చేసినవాళ్ళు భయపడింది సరిగ్గా ఇందుకే.

చరిత్ర టీచరుకు ఇక్కడ పాఠం పూర్తవుతుంది. రచన నేర్పే టీచరుకు ఇక్కడే మొదలవుతుంది. డగ్లస్ తన జీవితాన్ని ఒకసారి కాదు, మూడుసార్లు రాశాడు. మొదటి పుస్తకం 1845లో, రెండోది 1855లో, మూడోది 1881లో వచ్చాయి. మూడోదాన్ని 1892లో మళ్ళీ పెంచాడు. మొదటి పుస్తకంలో తాను 1838లో ఎలా తప్పించుకున్నాడో చెప్పలేదు. చెబితే సాయపడినవాళ్ళకు ముప్పు, వెనకాల రాబోయేవాళ్ళకు దారి మూసుకుపోతుంది. అందుకే చెప్పడం లేదని పాఠకుడితో నేరుగా అన్నాడు. బానిసత్వం రద్దయ్యాక, 1881లో చెప్పాడు. నావికుడి వేషం వేసుకుని, బానిస కాని ఒక నల్లజాతి నావికుడి దగ్గర అరువు తెచ్చుకున్న కాగితాలు పట్టుకుని రైలెక్కాడట. రాసేటప్పుడు ఏం వదిలెయ్యాలి, ఎందుకు వదిలెయ్యాలి అన్న ప్రశ్న పిల్లల ముందుకు ఇంత బరువుతో మరెక్కడా రాదు. తిరిగి రాయడం అంటే అచ్చుతప్పులు దిద్దడమని అనుకునే పిల్లవాడికి ఒకే మనిషి ఒకే సంఘటనను ఇరవై ఏడేళ్ళప్పుడు, ముప్ఫై ఏడేళ్ళప్పుడు, అరవై దాటాక ఎలా రాశాడో పక్కపక్కన పెట్టి చూపించాలి.

ముందుమాటలు కూడా చూపించాలి. 1845 పుస్తకానికి విలియం లాయిడ్ గారిసన్, వెండెల్ ఫిలిప్స్ అనే ఇద్దరు తెల్లజాతి ప్రముఖులు ఇది నిజమేనని హామీ ఇచ్చారు. పదేళ్ళ తరువాతి పుస్తకానికి జేమ్స్ మెక్యూన్ స్మిత్ అనే నల్లజాతి డాక్టరు ముందుమాట రాశాడు. ఎవరి సాక్ష్యంతో పుస్తకం లోకంలోకి వెళ్ళాలన్న విషయంలో పదేళ్ళలో డగ్లస్ ఎంత దూరం వచ్చాడో ఆ రెండు పేజీలే చెబుతాయి.

ఈ సాక్ష్యాల బాధ డగ్లస్‌తో మొదలవలేదు. 1761లో ఏడెనిమిదేళ్ళ పిల్లగా బోస్టన్‌లో అమ్ముడుపోయిన ఫిలిస్ వీట్లీ కవితలు 1773లో లండన్‌లో అచ్చయ్యాయి. మసాచుసెట్స్ గవర్నరుతో సహా పద్దెనిమిదిమంది పెద్దమనుషులు ఈ కవితలు ఈమే రాసిందని సంతకాలు పెట్టిన కాగితం ఆ పుస్తకంలోనే ఉంది. నార్త్ కరోలినాలో అమ్మమ్మ ఇంటి అటకమీద, మూడడుగుల ఎత్తుకు మించని ఇరుకులో దాదాపు ఏడేళ్ళు దాక్కున్న హ్యారియెట్ జేకబ్స్ 1861లో మారుపేరుతో ఆత్మకథ ప్రచురించింది. అది ఆమె స్వయంగా రాసిందని పండితలోకం ఒప్పుకోవడానికి నూట ఇరవై ఏళ్ళు పట్టింది. జీన్ ఫాగన్ యెల్లిన్ అనే పరిశోధకురాలు పాత ఉత్తరాలు వెతికి, 1987లో ఆధారాలతో సహా ఆ పుస్తకాన్ని మళ్ళీ తెచ్చాక గాని సందేహం తీరలేదు.

పెట్టెలో వేసిన కాగితాలు

నల్లజాతి సమాజం తన పిల్లలకు, తనకు తాను రాయడం ఎలా నేర్పుకుందన్నది ఇంతకన్నా తక్కువమందికి తెలిసిన చరిత్ర. 1831లో ఫిలడెల్ఫియాలో నల్లజాతి మహిళలు ఒక సాహిత్య సంఘం పెట్టుకున్నారు. సభ్యులు తాము రాసినవి పేరు లేకుండా ఒక పెట్టెలో వేసేవారు. సమావేశంలో వాటిని తీసి చదివి, బాగోగులు చర్చించేవారు. వాటిలో కొన్ని గారిసన్ నడిపిన ‘ద లిబరేటర్’ పత్రికలో అచ్చయ్యాయి. ఈ రోజు రచనా తరగతుల్లో వర్క్‌షాప్ పేరుతో చేసే పని అదే. అమెరికాలో విద్యావేత్త గోల్డీ మహమ్మద్ 2020లో రాసిన పుస్తకంలో ఆనాటి సాహిత్య సంఘాల పద్ధతిని ఈనాటి క్లాసుకు నమూనాగా చూపించారు.

కార్టర్ జి. వుడ్సన్ తల్లిదండ్రులు బానిసలుగా బతికినవాళ్ళు. బొగ్గుగనుల్లో పనిచేసి, ఇరవై ఏళ్ళ వయసులో హైస్కూల్లో చేరాడు. 1912లో హార్వర్డ్‌లో చరిత్రలో డాక్టరేట్ తీసుకున్నాడు. 1926 ఫిబ్రవరిలో నల్లజాతి చరిత్ర వారం మొదలుపెట్టింది ఆయనే, అదే తరువాతి కాలంలో నల్లజాతి చరిత్ర మాసం అయింది. ఆయన పాఠ్యపుస్తకాలు రాశాడు, టీచర్ల కోసం పత్రిక నడిపాడు. దక్షిణాదిలో బడులు తెల్లజాతి బోర్డుల చేతుల్లో ఉండేవి. చరిత్రకారుడు జార్విస్ గివెన్స్ తన పుస్తకంలో 1930ల నాటి టెస్సీ మెక్‌గీ అనే లూసియానా టీచరు గురించి చెప్పాడు. ఆమె బోర్డు ఇచ్చిన పాఠ్యప్రణాళికను టేబుల్ మీద కనబడేలా పెట్టేది. వుడ్సన్ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని పిల్లలకు చదివి వినిపించేది. ప్రిన్సిపాల్ లోపలికి వస్తే కళ్ళు టేబుల్ మీదికి వెళ్ళేవి, పాఠం మారిపోయేది. ఆయన వెళ్ళాక మళ్ళీ ఒళ్ళోకి.

1964 వేసవిలో పౌరహక్కుల ఉద్యమం మిసిసిపీలో నల్లజాతి పిల్లల కోసం ఫ్రీడమ్ స్కూళ్ళు నడిపింది. హోవర్డ్ యూనివర్సిటీ విద్యార్థి చార్లీ కాబ్ ఆలోచన అది. చర్చిల్లో, ఇళ్ళ వరండాల్లో, చెట్ల కింద నలభైకి పైగా బడులు పెట్టారు, రెండువేలకు పైగా పిల్లలు వచ్చారు. చాలాచోట్ల పిల్లలు సైక్లోస్టైల్ పత్రిక తెచ్చారు. తమ ఊరి బడిలో పుస్తకాలు ఎందుకు లేవు, పత్తి ఏరితే కూలి ఎంత, ఓటు నమోదుకు వెళ్ళినవాళ్ళకు ఏం జరిగింది, అవన్నీ రాశారు. మెక్‌కోంబ్‌లో ఉద్యమకారుల ఇంటి మీద బాంబు పడ్డాక బడికి చోటివ్వడానికి పెద్దలు భయపడ్డారు. ఆ బడిలో చదివే టీనేజ్ అమ్మాయి ఒకరు తమ ఊరి పెద్దలనుద్దేశించి కవిత రాసింది. అది చదివాక ఒక చర్చి తలుపులు తెరిచారు. ఆ అమ్మాయికి ఎన్ని మార్కులు వేయాలి?

ఈ సంప్రదాయానికి పెద్ద దెబ్బ న్యాయం చేసిన తీర్పు వెంటే వచ్చింది. 1954లో బ్రౌన్ తీర్పుతో తెల్లపిల్లలకూ నల్లపిల్లలకూ వేరు బడులు చెల్లవని సుప్రీంకోర్టు చెప్పింది. బడులు కలిపేటప్పుడు మూతపడింది మాత్రం ఎక్కువగా నల్లజాతి బడులే. 1954 నుంచి 1965 వరకు దక్షిణాది, సరిహద్దు రాష్ట్రాలు పదిహేడింటిలో సుమారు 38 వేలమంది నల్లజాతి టీచర్లు, ప్రిన్సిపాళ్ళు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. వాళ్ళతోపాటే ఒళ్ళో దాచిన పుస్తకాల విద్య కూడా పోయింది. దాన్ని ఇప్పటి టీచర్లు ముక్కలు ముక్కలుగా ఏరుకుంటున్నారు.

తప్పిపోయినవాళ్ళ కోసం

అలా ఏరుకున్నవాటిలో నన్ను అన్నిటికన్నా కదిలించినవి పత్రికా ప్రకటనలు. అంతర్యుద్ధం ముగిశాక, విడుదలైనవాళ్ళు తమనుంచి విడదీసి అమ్మేసిన తల్లులను, పిల్లలను, భర్తలను వెతుక్కుంటూ ‘క్రిస్టియన్ రికార్డర్’ లాంటి నల్లజాతి పత్రికల్లో ప్రకటనలు వేయించారు. పెన్సిల్వేనియాలోని విల్లనోవా యూనివర్సిటీ వాటిని సేకరించి ఎవరైనా చూసేలా పెట్టింది. ఒక్కో ప్రకటన నాలుగు వేళ్ళ ఎత్తు ఉంటుందేమో. అమ్మ పేరు, ఆమె యజమాని పేరు, ఏ కౌంటీ, ఏ సంవత్సరం అమ్మేశారు, కొన్న వ్యాపారి ఎవరు, తోడబుట్టినవాళ్ళ పేర్లు, ఇప్పుడు తన పేరు ఏమిటి, ఉత్తరం ఏ చిరునామాకు రాయాలి. పాస్టర్లు దీన్ని ప్రార్థన సమయంలో చదివి వినిపించాలని చివర్లో విన్నపం. కొన్ని ప్రకటనలు అమ్మకం జరిగిన ఇరవై, ముప్ఫై ఏళ్ళకు వేసినవి.

ఏడుపు ఒక్క మాటలో కూడా ఉండదు. విశేషణాలకు చోటు లేదు. అచ్చుకు డబ్బు కట్టాలి, ఉన్న చోటులో గుర్తుపట్టడానికి పనికొచ్చే వివరాలే పెట్టాలి. ఈ ప్రకటన పక్కనే మరో రకం ప్రకటన పెట్టి చూపించవచ్చు. పారిపోయిన బానిసను పట్టి తెస్తే బహుమానం ఇస్తామని యజమానులు వేయించినవి. వాటిలోనూ ఒక మనిషి వర్ణనే ఉంటుంది. ఎత్తు, వయసు, వీపు మీద మచ్చలు, తొడుక్కున్న బట్టలు, తెలిసిన పని. రెండూ చదివి, రాసినవాడి చూపు ఏ మాటలో బయటపడుతోందో వెతకమంటే పిల్లలు దేన్నీ పైపైన చదవలేరు. దృక్కోణం గురించి గంటసేపు చెప్పే ఉపన్యాసం కన్నా ఈ రెండు చిన్న కాగితాలు ఎక్కువ పని చేస్తాయి.

ఇలాంటి చోట ఒక హెచ్చరిక అవసరం. నువ్వొక బానిసవనుకుని డైరీ రాయి అని హోంవర్క్ ఇచ్చే టీచర్లున్నారు. అది ఇవ్వకూడదని నా నిశ్చితాభిప్రాయం. ఆ బతుకు గురించి అనుభవించినవాళ్ళే రాసిన పుస్తకాలుండగా నలభై నిమిషాల ఊహతో నింపడం ఆ బాధను తేలిక చేయడమే. పైగా క్లాసులో ఒక్కతే నల్లజాతి అమ్మాయి ఉంటే ఆ పిల్లకు అది హింస. కొరడా దెబ్బలు తప్ప మరేమీ లేని పాఠం కూడా అబద్ధపు పాఠమే. 1950లో పులిట్జర్ అందుకున్న మొదటి నల్లజాతి రచయిత గ్వెండొలిన్ బ్రూక్స్ షికాగోలో తన పేట మనుషుల మామూలు జీవితాన్ని రాసింది. ఇల్లినాయ్ ఆస్థానకవి అయ్యాక బడిపిల్లలకు ఏటా కవితల పోటీ పెట్టి సొంత డబ్బుతో బహుమతులిచ్చింది. పిల్లలు ఆమె కవిత చదివి తమ పేట గురించి, తమ వీధి మూల దుకాణం గురించి రాస్తే ఆ పాఠంలో నవ్వుకూ చోటుంటుంది.

నల్లజాతి సాహిత్యం ఒకే గొంతు కాదన్న సంగతి కూడా పిల్లలకు తెలియాలి. నల్లజాతి నాయకుడు బుకర్ టి. వాషింగ్టన్‌తో మరో నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్ 1903లో తన ‘ద సోల్స్ ఆఫ్ బ్లాక్ ఫోక్’లో బహిరంగంగా విభేదించాడు. జోరా నీల్ హర్‌స్టన్ 1937లో తెచ్చిన నవలను రిచర్డ్ రైట్ అదే ఏడాది తూర్పారబట్టాడు. రైట్ నవలను 1949లో జేమ్స్ బాల్డ్‌విన్ తూర్పారబట్టాడు. వాదం ఎలా కట్టాలో నేర్పడానికి ఇంతకన్నా వేడి సరుకు ఏముంటుంది? అవతలివాడి మీద గౌరవం పోకుండా అతని పుస్తకాన్ని కాదనడం ఎలాగో పిల్లలు ఇక్కడ చూస్తారు. పక్షం కూడా తీసుకుంటారు.

ఏ ఇంగ్లిష్?

హర్‌స్టన్ నవలలో కథ చెప్పే గొంతు ఒక ఇంగ్లిష్, పాత్రలు మాట్లాడేది ఫ్లోరిడా నల్లజాతి పల్లె ఇంగ్లిష్. దీన్ని క్లాసులో చదవగానే ఒక ప్రశ్న లేస్తుంది. ఇంట్లో మాట్లాడే ఇంగ్లిష్‌లో పిల్లలు వ్యాసం రాస్తే తప్పా? గ్రాంథికమా వ్యావహారికమా అన్న పోరు తెలిసిన మనకు ఈ చర్చ తేలిగ్గానే అర్థమవుతుంది. 1974లో అమెరికా కాలేజీ రచనాబోధకుల సంఘం విద్యార్థులకు తమ సొంత భాషమీద హక్కుందని తీర్మానించింది. 1979లో మిషిగన్‌లోని ఆన్ ఆర్బర్‌లో ఫెడరల్ జడ్జి, నల్లజాతి పిల్లల ఇంటిభాషను పట్టించుకుని బోధించే ఏర్పాటు చేయాలని స్కూలు జిల్లాను ఆదేశించాడు. అదే ఏడాది బాల్డ్‌విన్ ఆ భాషను సమర్థిస్తూ న్యూయార్క్ టైమ్స్‌లో వ్యాసం రాశాడు.

లీసా డెల్పిట్ అనే విద్యావేత్త వాదన వేరు. పిల్లల భాషను గౌరవించండి, కానీ పెద్ద ఉద్యోగాల తలుపులు తెరిచే ఇంగ్లిష్‌ను దాచిపెట్టకండి, దాని నియమాలు విప్పి చెప్పండి అంటారామె. ఏప్రిల్ బేకర్ బెల్ 2020లో ఇంకో అడుగు ముందుకేసి, ఇంట్లో ఒకటి బడిలో ఒకటి అని వేరు చేయడమే పిల్లలకు చేస్తున్న అవమానమన్నారు. నేను డెల్పిట్ వైపు మొగ్గుతాను. కింగ్ ఏ ఇంగ్లిష్‌లో రాశాడో, చర్చిలో ఏ లయతో మాట్లాడాడో రెండూ వింటే ఒకటి మరొకదాన్ని ఎలా పెంచిందో తెలుస్తుంది. పిల్లలకు రెండూ కావాలి. సంభాషణలు అమ్మమ్మ మాట్లాడినట్టే రాయమనాలి, కథనం తమకు నచ్చినట్టు రాయమనాలి, ఎక్కడ ఎందుకు మార్చారో అడగాలి.

మళ్ళీ సౌత్ కరోలినా

2023 వసంతంలో సౌత్ కరోలినాలోని చాపిన్ అనే ఊరి హైస్కూల్లో ఒక ఇంగ్లిష్ టీచరు తా నెహిసి కోట్స్ రాసిన ‘బిట్వీన్ ద వరల్డ్ అండ్ మీ’ పాఠంగా పెట్టింది. నల్లజాతి తండ్రి కొడుక్కి రాసిన సుదీర్ఘ లేఖ అది, 2015లో వచ్చింది. కాలేజీ స్థాయి పరీక్షకు వెళ్ళే పిల్లలకు వాదనాత్మక వ్యాసం నేర్పే క్లాసు. ఆ పుస్తకం తమకు ఇబ్బందిగా ఉందని కొందరు విద్యార్థులు ఫిర్యాదు చేశారు. జాతి కారణంగా ఎవరికీ అపరాధభావం కలిగించే బోధన ఉండరాదని రాష్ట్ర బడ్జెట్లో చేర్చిన నిబంధన ఒకటుంది. పాఠం మధ్యలో ఆగిపోయింది. వంద పౌన్ల జరిమానా వేసిన రాష్ట్రం ఇదే. ఈసారి టీచరును జైల్లో పెట్టలేదు, జరిమానా వేయలేదు. రెండు కాలాలూ ఒకటేనని ఎవరూ అనరు. కాని ఒక పుస్తకం చదివితే రాయడం వచ్చేస్తుందన్న భయం రెండుచోట్లా కనిపిస్తుంది. కోట్స్ స్వయంగా ఆ ఊరి స్కూలు బోర్డు సమావేశానికి వెళ్ళి కూర్చున్నాడు. ఆ అనుభవాన్ని 2024లో వచ్చిన ‘ద మెసేజ్’ అనే పుస్తకంలో, రచన నేర్చుకునే తన విద్యార్థులనుద్దేశించి రాశాడు.

కాలేజీ స్థాయి పరీక్షలు నిర్వహించే కాలేజ్ బోర్డు హైస్కూళ్ళ కోసం తయారుచేసిన ఆఫ్రికన్ అమెరికన్ అధ్యయనాల కోర్సు 2022లో అరవై బడుల్లో ప్రయోగాత్మకంగా మొదలైంది. 2023 జనవరిలో ఫ్లోరిడా దాన్ని తిరస్కరించింది. 2024-25 నుంచి కావాలన్న బడులన్నిటికీ అందుబాటులోకి వచ్చింది. ఫిలడెల్ఫియాలోనైతే హైస్కూలు పూర్తిచేయాలంటే ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర కోర్సు తప్పనిసరి అని 2005లోనే నిర్ణయించారు. ఒకే దేశంలో ఒక పిల్లవాడు తప్పనిసరిగా చదివేదాన్ని మరో పిల్లవాడు అడిగినా ఇవ్వరు.

ఈ క్లాసుల్లో తెలుగు పిల్లలూ ఉన్నారు. టెక్సస్‌లో, న్యూజెర్సీలో, కాలిఫోర్నియాలో. వాళ్ళ అమ్మానాన్నలు ఆ దేశానికి వెళ్ళగలిగింది 1965 వలస చట్టం వల్ల. పౌరహక్కుల ఉద్యమం ఊపులోనే ఆ చట్టం వచ్చింది, దేశాన్నిబట్టి కోటాలు పెట్టే పాత పద్ధతిని అది తీసేసింది. మన ఇళ్ళలో ఈ మాట ఎందరు తల్లిదండ్రులు పిల్లలకు చెప్పారో నాకు అనుమానమే. కాలేజీ అడ్మిషన్ వ్యాసం కోసం కన్సల్టెంట్లకు డబ్బు పోస్తారు. ఆ వ్యాసం అడిగేది నువ్వెవరు, ఎక్కడినుంచి వచ్చావు అనే. 2023 జూన్‌లో అడ్మిషన్లలో జాతి ప్రాతిపదిక చెల్లదన్న సుప్రీంకోర్టు తీర్పు కూడా, విద్యార్థి తన జీవితంమీద జాతి ప్రభావాన్ని వ్యాసంలో రాసుకోవచ్చని మినహాయింపు ఇచ్చింది. డగ్లస్‌ను చదివిన పిల్లవాడికి ఆ వ్యాసానికి పరిమితి అయిన 650 పదాల్లో ఏం పెట్టాలో, ఏం వదలాలో కొంత తెలుస్తుంది.

తాతల తరం మాత్రం మరీ అంత ఖాళీ చేతులతో లేదు. నల్లజాతి రచయిత అలెక్స్ హేలీ ‘రూట్స్’కు సహవాసి చేసిన తెలుగు సేత ‘ఏడు తరాలు’ హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ప్రచురణగా ఊరూరా తిరిగింది. బడి దాటి చదువుకోనివాళ్ళు కూడా అందులోని కుంటా కింటే పేరు తలుచుకుంటారు. అమెరికాకు పిల్లలను చూడ్డానికి వెళ్ళిన అమ్మమ్మ ఆ పుస్తకం చదివి ఉండవచ్చు. పక్క గదిలో మనవడు డగ్లస్ మీద వ్యాసం రాస్తుండవచ్చు. ఆ ఇద్దరూ కలిసి కూర్చుంటే మనవడు అడగాల్సినవి చాలా ఉన్నాయి. మీ ఊరి బడిలో ఎవరు కూర్చునేవారు, ఎవరు గుమ్మం బయట కూర్చునేవారు, రాయడం రానివాళ్ళకు ఉత్తరాలు ఎవరు రాసిపెట్టేవారు, ప్రామిసరీ నోటు మీద వేలిముద్ర వేసినవాడికి అందులో ఏముందో ఎవరు చదివి చెప్పేవారు? హైదరాబాదులో అంటరానివాళ్ళుగా చూసిన పిల్లల కోసం భాగ్యరెడ్డి వర్మ 1910లో బడి ఎందుకు పెట్టాల్సి వచ్చింది? 1946లో అంబేడ్కర్ డుబోయిస్‌కు ఉత్తరం రాసి, నల్లజాతివాళ్ళు ఐక్యరాజ్యసమితికి ఇచ్చిన విన్నపం ప్రతి కావాలని ఎందుకు అడిగాడు?

అమ్మమ్మ చెప్పే జవాబులు ఆ కుటుంబానికి గౌరవం తెచ్చేవి కావచ్చు, తలవంపులు తెచ్చేవి కావచ్చు. తలవంపులు తెచ్చేవైతే రాయడం మరీ కష్టం. మనవడు అవి కాగితంమీద పెట్టి ఆవిడకు చదివి వినిపిస్తే, ఆవిడ కాదురా అలా కాదు అంటుంది. అప్పుడు మొదటి ప్రతి పక్కన పెట్టి రెండోది మొదలుపెట్టాలి.